పనిచేసే చేతులు – వినే చెవులు



ఈ మధ్యాహ్నంవేళ మీలో చాలామంది చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనో, చింతపండులో పిక్కలు ఏరుతూనో, ఉతికిన బట్టలు మడతపెడుతూనో రేడియో వింటూ ఉంటారని నా ఊహ. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. చెవులు మాత్రం ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీ చెవులను చూసే మా స్త్రీల కార్యక్రమం పుట్టిందని నేను సరదాకి అంటూ ఉంటాను. ఈవేళ మీకు చెప్పబోయేది ఆ ఖాళీ చెవుల చరిత్రే. అది మన వంటింట్లో కాదు, ఫ్యాక్టరీల్లో జరిగిన చరిత్ర.

ఇప్పుడు పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న కంపెనీల్లో హెచ్.ఆర్. అని ఒక విభాగం ఉంటుంది కదండీ. మా నాన్నగారి రోజుల్లో దానిని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ అనేవారు. సెలవుచీటీలూ, జీతం బిల్లులూ, చార్జిషీట్లూ తప్ప అక్కడ ఇంకేమీ ఉండేవి కావు. ఆ గదిలోంచి పిలుపు వచ్చిందంటే ఆయన ఆ పూట అన్నం సరిగ్గా తినేవారు కాదని మా అమ్మ చెప్పేది. ఇప్పుడేమో ఆ విభాగంవాళ్ళే శుక్రవారం పాటల పోటీలు, ముగ్గుల పోటీలు, పుట్టినరోజు కేకులు పెడుతున్నారు. ఫలానా రోజున ఫలానా రంగు బట్టలు వేసుకురమ్మంటున్నారు. మంచిదే. కాని మా పక్కింటావిడ కూతురు మొన్న అంది, "పిన్నిగారూ, రేపు అందరూ సరదాగా గడపాలని మెయిలొచ్చింది. రానివాళ్ళు కారణం రాసి ఇవ్వాలిట!" నాకు నవ్వాగలేదు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

అప్పటినుంచీ నన్నొక ప్రశ్న పట్టుకుంది. పనిచేసే చోట వినోదం ఉండాలని మొట్టమొదట ఎవరికి తోచింది? యజమానులకా, పనివాళ్ళకా? వెదికి చదివితే, ఇందులో పెద్ద కథే ఉంది.

క్యూబా దేశం పేరు వినే ఉంటారు. అమెరికాకి దక్షిణాన సముద్రంలో ఉన్న ద్వీపం. పంచదారకీ, చుట్టలకీ ప్రసిద్ధి. చుట్టలంటే మన గోదావరి లంకపొగాకు చుట్టలు తెలిసినవాళ్ళకి వేరే వర్ణించనక్కర్లేదు. పొగాకు ఆరోగ్యానికి మంచిదని ఎవరూ అనరు, నేనూ అనను. కాని ఆ చుట్ట చుట్టే మనుషుల సంగతి వేరు. హవానా నగరంలో పెద్దపెద్ద హాళ్ళలో బల్లలు వరసగా వేసుకుని వందలమంది కూర్చునేవారు. ఆకు పరిచి, అర్ధచంద్రాకారంగా ఉన్న కత్తితో కోసి, చుట్టి, అంటించడం పని. పొద్దుటినుంచి సాయంత్రందాకా అదే. యంత్రం లేదు కనుక చప్పుడు లేదు. అలవాటైన చేతికి ఆలోచన అక్కర్లేదు. అంచేత ఆ హాల్లో ఉండేది ఒక్కటే, విసుగు.

1865 డిసెంబరు 21న ఎల్ ఫిగరో అనే చుట్టల ఫ్యాక్టరీలో పనివాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. వాళ్ళలో చదువు వచ్చిన ఒకడు పని ఆపి, అందరికీ వినబడేలా పుస్తకం చదవాలి. చదువుతున్నంతసేపూ అతను చుట్టలు చుట్టడు కనుక అతనికి కూలి పోతుంది. ఆ పోయిన కూలిని మిగతావాళ్ళంతా తలా కొంచెం వేసుకుని ఇవ్వాలి. అంతే. యజమాని డబ్బు ఒక్క కాసు లేదు. ఆ కాలంలో చుట్టలు చుట్టేవాళ్ళలో చదవడం వచ్చినవాళ్ళు బహు కొద్దిమంది. చదువు రానివాళ్ళు చెవులతో చదువుకున్నారన్నమాట!

ఈ ఆలోచన వెనక సతుర్నీనో మార్తీనెస్ అనే ఆయన ఉన్నాడు. ఆయనా చుట్టలు చుట్టినవాడే. అదే ఏడు అక్టోబరులో 'లా అవురోరా' అనే కార్మికుల పత్రిక మొదలుపెట్టాడు. పత్రిక పెట్టాడు సరే, చదవగలిగేవాళ్ళేరీ? అందుకని చదివి వినిపించే పద్ధతి ఆ పత్రికకీ అవసరమైంది. ఆ మరుసటి నెలలోనే పార్తగాస్ ఫ్యాక్టరీలోనూ చదువు మొదలైంది. అక్కడ చదివేవాడికి ఎత్తుగా ఒక వేదిక కూడా కట్టారు. జొన్నచేలో మంచె ఉంటుంది చూడండి, అలాంటిదే అనుకోండి.

ఇక చూస్కోండి, ప్రభువులకి గుబులు పుట్టింది. ఆరు నెలలైనా నిండకుండానే, 1866 మే నెలలో, క్యూబాని ఏలుతున్న స్పెయిన్ గవర్నరు ఉత్తర్వు జారీ చేశాడు. ఫ్యాక్టరీల్లో పుస్తకాలూ పత్రికలూ చదివి పనివాళ్ళ దృష్టి మళ్ళించరాదు, పనితో సంబంధంలేని చర్చలు చేయరాదు అని. నిజానికి పని ఏమీ కుంటుపడలేదు. చుట్టేవాళ్ళకి చుట్టకింత అని కూలి. పని ఆపితే నష్టం వాళ్ళకే. వాళ్ళు విన్న దాని గురించి సాయంత్రం ఇంటికి పోతూ మాట్లాడుకుంటారు చూశారూ, అదీ గవర్నరుగారి భయం.

1868 నుంచి పదేళ్ళపాటు అక్కడ స్వాతంత్ర్య యుద్ధం జరిగింది. ఆ గొడవల్లో ఎందరో చుట్టల పనివాళ్ళు సముద్రం దాటి అమెరికాలోని ఫ్లారిడాకి, కీ వెస్ట్‌కీ, ఆ తర్వాత ట్యాంపా పక్కనున్న ఈబోర్ సిటీకీ వెళ్ళిపోయారు. వెళుతూ ఈ చదివించుకునే అలవాటును కూడా పట్టుకుపోయారు. క్యూబాలోనూ యుద్ధం ముగిశాక 1880ల్లో చదువు మళ్ళీ మొదలైంది.

ఆ ఏర్పాటు ఎంత ముచ్చటగా ఉండేదో చూడండి. చదివేవాణ్ణి పనివాళ్ళే ఎన్నుకునేవారు. ముందు పరీక్షగా చదివించి, గొంతు ఎలా ఉంది, హాలు చివరిదాకా వినబడుతుందా, రకరకాల పాత్రలకి రకరకాలుగా పలుకుతాడా అని చూసేవారు. అప్పుడు మైకులు లేవు మరి. పొద్దున వార్తాపత్రికలు. మధ్యాహ్నం నవల. ఏ నవల చదవాలో ఓట్లు వేసుకునేవారు. విక్టర్ హ్యూగో, జోలా, సెర్వాంటెస్ రాసినవాటికి గిరాకీ. కథ బాగా రక్తికట్టినచోట చేతిలోని కత్తులతో బల్లమీద టకటకమని కొట్టేవారు, అది వాళ్ళ చప్పట్లు. నచ్చకపోతే కత్తి నేలమీద పడేసేవారు. మా రేడియోవాళ్ళకి అలాంటి శ్రోతలు దొరికితే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది. ఒక్కోసారి దొరక్కపోవడమే మంచిదనీ అనిపిస్తుంది.

ఆకుకి ఈనె తీసే పని అక్కడ ఎక్కువగా ఆడవాళ్ళది. చదివేవాళ్ళు చాలావరకు మగవాళ్ళే అయినా, ప్యూర్టోరికో దేశపు లుయిసా కాపెతీయో అనే ఆవిడ తన దేశంలోనూ, ఈబోర్ సిటీలోనూ మంచె ఎక్కి చదివింది. 1879లో పుట్టిన ఈమె ఆడవాళ్ళ హక్కుల గురించి పుస్తకాలు రాసింది. 1915లో హవానాలో ప్యాంటు వేసుకుని వీధిలోకి వచ్చినందుకు పోలీసులు ఆమెను అరెస్టు చేశారు. ఆవిడ గొంతులో వార్తలు వింటూ ఈనెలు తీసిన ఆడవాళ్ళు ఇంటికెళ్ళి ఏం మాట్లాడుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. రాసిపెట్టి ఉంటే నేను ముందు అదే చదివేదాన్ని.

ఇప్పుడు ఈ కథలో నాకు కష్టం కలిగించే ఘట్టం చెప్పాలి. 1931 చివర్లో ట్యాంపా యజమానులంతా ఒక్కమాటమీద నిలబడి, చదివేవాళ్ళని తీసేసి, మంచెలు పీకించారు. వీళ్ళు విప్లవం నూరిపోస్తున్నారని సాకు. పనివాళ్ళు పని మానేశారు. యజమానులు ఫ్యాక్టరీలు మూసేశారు. అప్పుడు ఆర్థికమాంద్యం రోజులు, కడుపు ఆగదు కదా! కొన్ని వారాలకే పనివాళ్ళు తిరిగొచ్చారు. చదువు మాత్రం తిరిగి రాలేదు. ఆ ఖాళీ అయిన చోట ఏం వచ్చిందో తెలుసాండీ? రేడియో! పాటలొస్తాయి, వార్తలొస్తాయి. కాని ఏది వినాలో ఓటు వేసేది లేదు, కత్తితో బల్ల కొడితే వినేవాడు లేడు. రేడియోలో మాట్లాడి నాలుగు డబ్బులు తెచ్చుకునే నేనే ఈ మాట అనవలసి వచ్చింది. కాని నిజం నిజమే. ఆ చోట రేడియో ఒకరి నోరు మూయించడానికి వచ్చింది.

క్యూబాలో మాత్రం రేడియో వచ్చినా చదివేవాళ్ళు పోలేదు. 2012లో ఆ దేశం ఈ ఆచారాన్ని తమ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. అక్కడి ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళు కూడా మైకు ముందు కూర్చుని చదువుతున్నారు. మాంటెక్రిస్టో అని ప్రసిద్ధమైన చుట్ట ఒకటుంది. 1935లో వచ్చిన ఆ చుట్టకి పేరు పెట్టింది అలెగ్జాండర్ డ్యూమా నవలను బట్టి. పనివాళ్ళకి ఆ కథమీద ఉన్న మోజే అందుకు కారణమని చెప్తారు. విన్న కథ సరుకుకి పేరైందన్నమాట.

ఇదంతా పనివాళ్ళు తమంతట తాము పెట్టుకున్న వినోదం. యజమానే పూనుకుని పెడితే ఎలా ఉంటుంది? దానికి అమెరికాలోనే ఒహాయో రాష్ట్రంలోని డేటన్ అనే ఊరికి పోవాలి. జాన్ ప్యాటర్సన్ అనే ఆయన 1884లో అక్కడ దుకాణాల్లో డబ్బు లెక్కపెట్టే క్యాష్ రిజిస్టర్ల కంపెనీ కొన్నాడు. నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ అంటే అదే. 1894లో ఇంగ్లండుకి పంపిన యంత్రాలు, యాభైవేల డాలర్ల సరుకు, పాడైపోయాయని తిరిగొచ్చాయి. ఇంకొకరైతే పనివాళ్ళకి జరిమానా వేసేవారు. ఈయన తన బల్ల తీసుకెళ్ళి ఫ్యాక్టరీ మధ్యలో వేయించుకుని కూర్చున్నాడు. చూస్తే ఏముంది, చీకటి, మురికి, కూర్చునేందుకు సరైన పీట లేదు. మీరైనా నేనైనా అలాంటిచోట శ్రద్ధగా పనిచేస్తామా?

అక్కడొక పనిమనిషి ఆవిరిగొట్టం మీద కాఫీ వెచ్చబెట్టుకుంటూ ఆయన కంట పడిందనీ, ఆడవాళ్ళకి వేడి భోజనం ఏర్పాటు దాంతోనే మొదలైందనీ కథ చెప్తారు. వెనక ఆనుకునే కుర్చీలు వేయించాడు. పెద్ద పెద్ద అద్దాల కిటికీలు పెట్టించాడు. ట్రాముబండ్లలో మగవాళ్ళ తోపులాట లేకుండా ఆడవాళ్ళు పొద్దున ఆలస్యంగా వచ్చి సాయంత్రం ముందుగా వెళ్ళేలా వేళలు మార్చాడు. సలహాల పెట్టె పెట్టి, మంచి సలహా ఇచ్చినవాళ్ళకి బహుమతులిచ్చాడు. పనివాళ్ళకోసం పత్రిక, మ్యాజిక్ లాంతరు బొమ్మలతో ఉపన్యాసాలు, క్లబ్బులు, తోటపని! 1897లో లీనా హార్వే అనే ఆమెను ఈ పనులన్నీ చూడడానికే నియమించాడు. ఈనాటి హెచ్.ఆర్. వాళ్ళకి ఒక విధంగా ముత్తవ్వ ఈవిడే అనుకోవచ్చు.

ఇన్ని చేసిన చోట గొడవలుంటాయా? ఉన్నాయి మరి! 1901లో పోతపని విభాగంలో కొందరిని తీసేసినందుకు తగాదా మొదలై, ఫ్యాక్టరీయే మూతపడి, రెండువేలమందికి పైగా పనివాళ్ళు వీధిన పడ్డారు. ప్యాటర్సన్‌గారు ఎంతో నొచ్చుకున్నాడు. ఇన్ని సౌకర్యాలు చేస్తే ఇదా కృతజ్ఞత అని. నాకు ఆయనమీద జాలి వేస్తుంది, పనివాళ్ళమీదా వేస్తుంది. కోడలికి పట్టుచీర కొని పెడతారు, పుట్టింటికి ఎప్పుడు వెళ్ళాలనుందో మాత్రం అడగరు. అలాంటిదే ఇదీ. వేడి భోజనం మంచిదే. కాని ఫోర్‌మన్ అన్యాయం చేశాడని చెప్పుకోవడానికి ఒక చోటు లేదు. ఆ తగాదా తర్వాతే పనివాళ్ళ ఫిర్యాదులూ, ఉద్యోగంలోంచి తీసివేతలూ చూడడానికని కంపెనీలో ప్రత్యేకంగా ఒక శాఖ ఏర్పడింది. పర్సనల్ డిపార్ట్‌మెంటు అనేదానికి మొదళ్ళు అక్కడున్నాయని చరిత్రకారులు చెప్తారు. కేకుతో పుట్టిన శాఖ కాదండీ అది, తగాదాలోంచి పుట్టింది.

ఆ కంపెనీలోనే పైకొచ్చిన టామస్ వాట్సన్ 1914లో వేరే కంపెనీకి మారాడు. అదే తర్వాత ఐ.బి.ఎమ్. అయింది. అక్కడ కంపెనీమీద పాటలు కట్టి, పుస్తకం అచ్చువేసి, సభల్లో అందరిచేతా పాడించేవారు. వాట్సన్‌గారిని పేరుపెట్టి పొగిడే పాటలు కూడా అందులో ఉన్నాయి. మన తెలుగులో దీనికి చక్కని మాటుంది, భజన. ఇంతకంటె చెప్పనక్కర్లేదు.

షికాగో పక్కన హాథార్న్ అనేచోట టెలిఫోను సామాను తయారుచేసే పెద్ద కర్మాగారం ఉండేది. మేనేజిమెంటు చదివే పిల్లల పుస్తకాల్లో దీని పేరు తప్పకుండా ఉంటుంది. మా అబ్బాయి పుస్తకంలోనూ ఉంది. నేను మొదట చూసింది అందులోనే. 1924లో అక్కడ దీపాలు ఎక్కువ చేస్తే పని పెరుగుతుందా అని పరీక్షలు మొదలుపెట్టారు. ఫలితం సరిగ్గా తేలలేదు. 1927 ఏప్రిల్‌లో ఆరుగురు అమ్మాయిలను విడిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. అయిదుగురు టెలిఫోను రిలేలు బిగించాలి, ఆరో అమ్మాయి వాళ్ళకి భాగాలు అందించాలి. ఒక్కో రిలేలో సుమారు ముప్ఫయ్యయిదు చిన్న చిన్న భాగాలు. బిగించడానికి పట్టేది నిమిషం. ఎవరెన్ని బిగించారో లెక్క రాసే యంత్రం, ఎవరేం మాట్లాడారో రాసుకునే మనిషి!

మధ్యమధ్య అయిదు నిమిషాలు విశ్రాంతి ఇచ్చి చూశారు. పది నిమిషాలిచ్చి చూశారు. పొద్దున ఫలహారం పెట్టి చూశారు. ముందుగానే అమ్మాయిలను పిలిచి, ఇలా మారుద్దామనుకుంటున్నాం, మీకెలా ఉంటుంది అని అడిగేవారు. రోజుకి ఆరుసార్లు విశ్రాంతి అన్నప్పుడు, పని ఊపు తెగిపోతోంది, వద్దన్నారు వాళ్ళు. వంట మధ్యలో ఆరుసార్లు కాలింగ్ బెల్లు మోగితే ఎలా ఉంటుందో మనకి తెలుసు కదా! ఏం మార్చినా మొత్తంమీద పని పెరుగుతూనే వచ్చింది. ఒక్కొక్కరు వారానికి 2400 రిలేలు చేసేచోట 3000 దాకా వచ్చింది. అడిగి, మాట విని, మనుషులుగా చూసినందువల్లే పని పెరిగిందని తేల్చారు. హార్వర్డు నుంచి వచ్చిన ఎల్టన్ మేయో ఈ మాటను లోకమంతా చాటాడు.

అయితే పుస్తకాల్లో అంత పెద్ద అక్షరాలతో రాయని విషయాలు రెండున్నాయి. మొదటిది, ఆ గదిలో కూలి లెక్కే మారింది. అదివరకు వందమంది చేసినదాన్ని బట్టి కూలి. ఇక్కడ తమ అయిదుగురూ చేసినదాన్ని బట్టి. కష్టపడితే కనబడే డబ్బు! రెండోది నాకు మరీ మనసుకి తగిలింది. 1928 జనవరిలో ఇద్దరమ్మాయిలను ఆ గదిలోంచి పంపేశారు. ఎందుకు? ఎక్కువగా మాట్లాడుతున్నారని! మాట్లాడుకోండి, మీ ఇష్టం అని కూర్చోబెట్టినచోటే, మాటలు ఎక్కువయ్యాయని తీసేశారు. వాళ్ళ చోట వచ్చిన ఇద్దరూ చురుకైనవాళ్ళు. లెక్కలు పైకెక్కడంలో వాళ్ళ పాలెంతో, ఆప్యాయత పాలెంతో ఇప్పటికీ పండితులు వాదించుకుంటూనే ఉన్నారు.

అయినా ఆ కర్మాగారం చేసిన ఒక పనిని మాత్రం నేను మెచ్చుకుంటాను. 1928 నుంచి 1930 వరకు ఇరవైవేలమందికి పైగా పనివాళ్ళను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మాట్లాడించారు. మొదట ప్రశ్నల జాబితా పట్టుకుని అడిగేవారు. జవాబులు పొడిపొడిగా వచ్చేవి. తర్వాత జాబితా పక్కన పడేసి, మీరేం చెప్పదలిస్తే అది చెప్పండి, మేం వింటాం అన్నారు. అరగంటలో ముగిసే మాటలు గంటన్నరకి పెరిగాయి! మనింట్లోనూ అంతే. "బడిలో ఏం చెప్పారు?" అంటే పిల్లాడు "ఏం లేదు" అంటాడు. ఏమీ అడక్కుండా పక్కన కూర్చుని బఠానీలు ఒలుస్తుంటే మొత్తం వాడే చెప్తాడు. పాపం, మాంద్యం ముదిరాక ఆ కర్మాగారంలోనూ వేలాదిమందికి ఉద్యోగాలు పోయాయి. ఆ గదిలో ప్రయోగం కూడా 1932తో ముగిసింది.

ట్యాంపాలో రేడియోని నిందించాను కదా, ఇప్పుడు దాని పక్షాన కూడా కొంచెం చెప్పనివ్వండి. 1940 జూన్. హిట్లరు సేనలు ఫ్రాన్సును తొక్కేశాయి. బ్రిటన్ ఒంటరిగా మిగిలింది. ఫ్యాక్టరీల్లో రాత్రింబవళ్ళు తుపాకులూ, విమానాలూ తయారుచేయాలి. మగవాళ్ళు యుద్ధానికి పోయారు. ఎన్నడూ గడప దాటని ఆడవాళ్ళు కూడా యంత్రాల ముందుకు వచ్చారు. 1941 డిసెంబరులో చట్టమే వచ్చింది. ముందుగా ఇరవై నుంచి ముప్ఫై ఏళ్ళలోపు పెళ్ళికానివాళ్ళు యుద్ధపనికి పిలిస్తే రావలసిందేనని.

వాళ్ళకోసం బి.బి.సి. 1940 జూన్ 23న 'మ్యూజిక్ వైల్ యూ వర్క్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పని చేస్తూ వినే సంగీతం అన్నమాట. పొద్దున అరగంట, మధ్యాహ్నం అరగంట. తర్వాత రాత్రి షిఫ్టువాళ్ళకోసం మరో అరగంట కలిపారు. మధ్యలో మాటలుండవు, వరసగా వాయించుకుపోవడమే. దీనికి ముందు వచ్చే రాగం ఎరిక్ కోట్స్ అనే సంగీతకర్తది. ఆయన భార్య రెడ్‌క్రాస్ కేంద్రంలో కుట్టుపని చేస్తుండేదిట. ఆవిడ కోసం, ఆవిడతో పనిచేసేవాళ్ళ కోసం కట్టినది.

ఏ పాట వేయాలి, ఏది వేయకూడదు అన్నదాన్ని వాళ్ళు శాస్త్రంలా చూశారు. జోలపాటల్లాంటి మెల్లని పాటలు వద్దు, నిద్ర వస్తుంది. డప్పు దెబ్బలు గట్టిగా ఉన్నవి వద్దు, తుపాకి చప్పుడనుకుని ఉలిక్కిపడతారు. అన్నిటికన్నా తమాషా ఏమిటంటే, టెక్సాస్‌మీద ఒక హుషారైన అమెరికను పాట ఉంది. మధ్యలో నాలుగు చప్పట్లు కొట్టాలి. అది వచ్చినప్పుడల్లా పనివాళ్ళు చేతిలో ఉన్న పానాలూ సుత్తులూ పట్టుకుని బల్లలమీద దబదబా వాయించేవారు. సామాను పాడవుతోందని చివరికి ఆ పాట ఆపేశారు! నాకు ఆ ఆడపిల్లలే కళ్ళముందు కనబడతారు. తలకి గుడ్డ కట్టుకుని, చేతులనిండా నూనె మరకలతో, పైన ఎప్పుడు బాంబు పడుతుందో తెలియని చోట, నాలుగు దెబ్బలు దబదబా వేసి నవ్వుకుంటున్నవాళ్ళు. అధికారులు లెక్కపెట్టి ఇచ్చిన వినోదం ఆ అరగంట. బల్లమీద దరువు మాత్రం వాళ్ళ సొంతం. క్యూబాలో బల్లమీద కత్తి చప్పుడు గుర్తుకురావడం లేదూ?

1941 మే నుంచి 'వర్కర్స్ ప్లేటైమ్' అని ఇంకొకటి మొదలైంది. కార్మికమంత్రి ఎర్నెస్ట్ బెవిన్ దీనికి వెన్నుదన్ను. భోజనాల వేళకి పాటగాళ్ళూ, హాస్యగాళ్ళూ ఏదో ఒక ఫ్యాక్టరీ క్యాంటీనుకే వెళ్ళి, బల్లలమీద ఎక్కి కార్యక్రమం చేసేవారు. అది దేశమంతా ప్రసారమయ్యేది. ఏ ఊరో చెప్పేవారు కాదు, శత్రువుకి తెలియకూడదని. దేశంలో ఎక్కడో ఒకచోట అంతే! అయినా తమ క్యాంటీనులోని నవ్వులు రేడియోలో దేశమంతా వినబడ్డాయంటే, ఆ చోటివాళ్ళకి ఎంత గొప్పగా ఉండి ఉంటుంది! యుద్ధం ముగిశాక కూడా అది 1964 దాకా నడిచింది. పని సంగీతం 1967 దాకా నడిచింది. అంటే జనం కావాలన్నారనే కదా.

మన దేశం సంగతేమిటని మీరు అడగవచ్చు. దంపుళ్ళ పాటలూ, నాట్ల పాటలూ, తిరగలి పాటలూ ఏ హెచ్.ఆర్. ఇచ్చిందండీ! రోకటిపోటుకీ పాటకీ లంకె మన అమ్మమ్మలకి పుట్టుకతో వచ్చింది. ఆకాశవాణి కూడా ఏళ్ళ తరబడి పారిశ్రామిక కార్మికులకోసం వేరే కార్యక్రమాలు ప్రసారం చేసింది. కాని హవానా కథ చదివినప్పుడు నేను ఉలిక్కిపడింది కేరళను తలుచుకుని. కన్ననూరు ప్రాంతంలో బీడీలు చుట్టేవాళ్ళది కూడా సరిగ్గా ఆ పద్ధతే. ఒకరు మలయాళ పత్రిక గట్టిగా చదివేవారు, మిగతావాళ్ళు చుడుతూ వినేవారు, చదివినవాడి వంతు బీడీలు తలా కొన్ని చుట్టి ఇచ్చేవారు. క్యూబానుంచి ఎవరూ వచ్చి నేర్పలేదు. చేతులు కట్టుబడి చెవులు ఖాళీగా ఉన్నచోట మనుషులకి అదే తోచింది. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చాక, దాన్ని అమలుచేయడం ఇష్టంలేక మంగళూరు యజమానులు అక్కడ పని మూసేశారు. వేలాదిమంది రోడ్డున పడ్డారు. అప్పుడు 1969లో పనివాళ్ళే సహకార సంఘం పెట్టుకున్నారు. దినేష్ బీడీ అంటే అదే. పత్రిక చదువు ఆ సంఘం షెడ్లలోనూ సాగింది. ఏళ్ళ తరబడి కలిసి విని, కలిసి వాదించుకున్న మనుషులు కనుకనే కలిసి సంఘం నడపగలిగారని నా నమ్మకం.

మన నిజామాబాదు, కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టేది దాదాపు అంతా ఆడవాళ్ళే. అయితే షెడ్డులో కాదు, ఇంట్లోనే. కార్ఖానానుంచి తునికాకూ, పొగాకూ తెచ్చుకుని, చాట ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో చుడతారు. పొగాకు ఘాటు ఇంటిల్లిపాదికీ. హాలు లేదు, మంచె లేదు. మాటల పెట్టె పెట్టేందుకు హెచ్.ఆర్. లేదు. ఫలానా రంగు చీర కట్టుకు రమ్మనేవాళ్ళు అసలే లేరు. మొన్న చుట్టాల పెళ్ళికని ఆవైపు వెళ్ళినప్పుడు ఒక వాకిట్లో నలుగురు కూర్చుని చుడుతున్నారు. ఒకామె ఆపకుండా ఏదో చెప్తోంది, తక్కిన ముగ్గురూ తలెత్తకుండా వింటున్నారు. ఏమిటమ్మా అంత రంజుగా అని అడిగితే, రాత్రి కరెంటు పోయి ముగ్గురిళ్ళల్లో సీరియల్ చూడలేదట. చూసినామె చెప్తోంది.

"మరి నీ పని ఆగదా?" అన్నాను.

ఆమె చేతిలో కత్తెర లేదు. ఆమె వంతు ఆకు పక్కనున్నామె కత్తిరిస్తోంది.

"ఆమె చెప్పనీయమ్మా, మేం కత్తిరిస్తం," అంది ఆ పక్కామె. "నువ్వు గూడ కూసో, అత్తకు నిజం తెలిసే జాగ దగ్గరికొచ్చింది."

నేను కూర్చున్నాను. ముహూర్తానికి ఇంకా గంట ఉంది.